ఫిర్యాదు రాయడమే కాదు, తేల్చడమూ పనే

ఊళ్ళో చేతిపంపు చెడిపోయింది. ఒకరు "పంపు పనిచేయడం లేదు" అని పంచాయతీ ఆఫీసులో కాగితం ఇచ్చారు. మర్నాడు మరొకరు "నీళ్ళు రావడం లేదు" అని ఇంకో కాగితం ఇచ్చారు. మూడోవారు "నీళ్ళు వస్తున్నాయి గానీ బురదగా వస్తున్నాయి" అని రాశారు. ఆ మూడూ ఒకే పంపు గురించా, మూడు వేర్వేరు పంపుల గురించా అన్నది ఏ కాగితంలోనూ లేదు. మెకానిక్ రావడానికే రెండు రోజులు పట్టింది. వచ్చాక ఏ పంపు చెడిందో వెతుక్కున్నాడు. తీరా చూస్తే, కావలసిన సామాను వెంట తెచ్చుకోలేదు. మళ్ళీ వారానికి గానీ రాలేదు.

అదే ఊళ్ళో ఎవరో ఒకరు పూనుకుని వున్న నాలుగు పంపులూ తిరిగి చూశారనుకుందాం. "రామాలయం దగ్గరి పంపు. హ్యాండిల్ తేలిగ్గా ఆడుతోంది, నీళ్ళు లేవు. సోమవారం సాయంత్రం దాకా బాగానే వుంది. మిగతా మూడు పంపుల్లో నీళ్ళు వస్తున్నాయి" అని ఒకే కాగితం రాసి ఇస్తే మెకానిక్ ఒక్క రాకతో పని ముగించుకుని పోతాడు. ఆ కాగితం రాసిన మనిషికి పంపు విప్పడం రాదు, బిగించడం రాదు. అయినా పంపు బాగుపడటంలో సగం పుణ్యం ఆ మనిషిదే.

కంప్యూటరు ప్రోగ్రాముల విషయంలోనూ సరిగ్గా ఇటువంటి పని ఒకటి వున్నది. వివిధ దేశాల్లో ఎంతోమంది ఆ పనిని జీతం లేకుండా, తీరిక వేళల్లో చేస్తున్నారు. తెలుగువారిలో ప్రోగ్రాములు రాసేవారికి కొదవ లేదు. హైదరాబాదు మొదలుకుని అమెరికా దాకా ఎక్కడ చూసినా వారు కనిపిస్తారు. కానీ వచ్చిన ఫిర్యాదులను చదివి, పరీక్షించి, తేల్చిపెట్టే వాలంటీర్లలో తెలుగు చదవగలిగినవారు పెరగవలసిన అవసరం ఎంతైనా వుంది. తెర మీద తెలుగు అక్షరం విరిగిపోతే, అది విరిగిందని గుర్తుపట్టగలిగేది తెలుగు చదివిన కన్నే తప్ప వేరొకటి కాదు.

అందరి సొత్తు

మామూలుగా ఒక కంపెనీ ప్రోగ్రామును అమ్మినపుడు, అది లోపల ఎలా తయారైందో కొన్నవారిని చూడనివ్వదు. ఆ లోపలి రాతను సోర్సు కోడు అంటారు. దాన్ని తాళం వేసి దాచుకుంటుంది. తప్పు కనబడితే కంపెనీయే దిద్దాలి, దిద్దేదాకా వాడేవారు ఓర్చుకోవాలి.

1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామరు ఈ పద్ధతికి ఎదురు తిరిగారు. ప్రోగ్రామును ఎవరైనా వాడుకునేందుకు, లోపల చూసేందుకు, తమకు కావలసినట్టు మార్చుకునేందుకు, పదిమందికి పంచిపెట్టేందుకు స్వేచ్ఛ వుండాలన్నది ఆయన వాదం. 1991లో ఫిన్లాండు దేశంలో హెల్సింకీ యూనివర్సిటీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ అనే ప్రోగ్రామును మొదలుపెట్టి అందరి ముందూ పెట్టారు. ఈ రకం ప్రోగ్రాములకు ఓపెన్ సోర్స్ అన్న పేరు 1998లో వచ్చింది.

ఇదంతా సముద్రాల అవతలి సంగతి అనుకుంటే పొరపాటే. ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటికీ అడుగున వున్నది లినక్సే. మార్కెట్టు ధర కోసం ఫోను తీసే రైతు, కొడుకుతో మాట్లాడే తల్లి, పాఠం వినే విద్యార్థి, అందరూ తెలియకుండానే ఈ ఉమ్మడి సొత్తును వాడుకుంటున్నారు. ఊరి చెరువు లాంటిదిది. నీళ్ళు అందరూ వాడుకుంటారు. పూడిక తీసేవారు మాత్రం కొద్దిమందే.

పురుగు కథ

ప్రోగ్రాములో వుండే తప్పును బగ్ అంటారు. బగ్ అంటే పురుగు. యంత్రాల్లో వచ్చే తిరకాసులకు ఈ మాటను థామస్ ఎడిసన్ 1878లోనే వాడారు. 1947 సెప్టెంబరు 9న మార్క్ టూ అనే కంప్యూటరు మొరాయిస్తే, హార్వర్డ్ యూనివర్సిటీలోని సిబ్బంది విప్పి చూశారు. ఒక రిలేలో నిజంగానే ఒక రెక్కలపురుగు చిక్కుకుని వున్నది. దాన్ని తీసి, రోజువారీ పుస్తకంలో టేపుతో అంటించారు. ఆ పుస్తకం ఇప్పటికీ అమెరికాలో మ్యూజియంలో భద్రంగా వుంది.

ఆనాటి పురుగు కంటికి కనబడింది. ఈనాటి పురుగులు కనబడవు. వాడేవారు చెబితేనే తెలుస్తాయి. చెప్పేవారికి లోటు లేదు. డెబియన్ అనే లినక్స్ సంస్థ 1993లో మొదలైంది. 2021 నవంబరు నాటికి దాని ఫిర్యాదుల పట్టీలో 10,00,000వ నెంబరు పడింది. ఇంత పట్టీలో ఒకే తప్పు మీద నలుగురు రాసినవీ వుంటాయి. వాడటం తెలియక రాసినవీ, ఎప్పుడో దిద్దేసినవీ వుంటాయి. వాటి మధ్య నిజంగా ప్రమాదకరమైనది ఒక్కటి వుంటే, దాన్ని బియ్యంలో రాయిని ఏరినట్టు ఏరి పైకి తీయాలి.

ఈ ఏరే పనికి ట్రయాజ్ అని పేరు. ఏరడం, వేరుచేయడం అనే అర్థం గల ఫ్రెంచి మాట అది. నెపోలియన్ సైన్యంలో డొమినిక్ లారే అనే సర్జన్ వుండేవారు. యుద్ధభూమిలో గాయపడినవారిని హోదాను బట్టి కాక, గాయం తీవ్రతను బట్టి ముందు ఎవరిని చూడాలో తేల్చే పద్ధతిని పాటించారాయన. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో క్యూ ఎంత పొడవున్నా పాము కరిచిన మనిషిని ముందు లోపలికి పంపే నర్సమ్మ చేసేది అదే పని.

పేరులోనే జిల్లా

ఈ పని ఎలా జరుగుతుందో తెలుసుకోవడానికి లిబ్రే ఆఫీస్ మంచి ఉదాహరణ. ఉత్తరాలు టైపు చేసుకోవడానికి, లెక్కల పట్టీలు వేసుకోవడానికి పనికివచ్చే ప్రోగ్రాము ఇది. ది డాక్యుమెంట్ ఫౌండేషన్ అనే సంస్థ పేరుతో 2010 సెప్టెంబరు 28న దీన్ని ప్రకటించారు. ఆ సంస్థ కేంద్రం జర్మనీలోని బెర్లిన్. పైసా చెల్లించకుండా ఎవరైనా వాడుకోవచ్చు. తెలుగుతో సహా ఎన్నో భాషల్లో మెనూలు వున్నాయి.

దీని ఫిర్యాదుల పట్టీని నడిపే ప్రోగ్రాము పేరు బగ్‌జిల్లా. పేరులో జిల్లా వున్నా మన జిల్లాలతో దానికి సంబంధం లేదు. 1998లో మొజిల్లా అనే సంస్థ అవసరాల కోసం పుట్టింది కనుక ఆ పేరు వచ్చింది. అందులో ఎవరైనా పేరు నమోదు చేసుకుని ఫిర్యాదు రాయవచ్చు. ఎవరైనా చదవవచ్చు. కలెక్టరు ఆఫీసు ఫైలులాగా బీరువాలో పడివుండదు. ఎవరు ఎప్పుడు ఏమి రాశారో తేదీతో సహా అందరి కళ్ళ ముందూ వుంటుంది.

కొత్త ఫిర్యాదు రాగానే దానికి "అన్‌కన్ఫర్మ్‌డ్" అనే ముద్ర పడుతుంది. అంటే ఇంకా నిర్ధారణ కాలేదని. ఇక్కడి నుంచే వాలంటీరు పని మొదలవుతుంది. ముందు ఫిర్యాదును పూర్తిగా చదవాలి. రాసినవారు ఏమి చేశారు, ఏమి జరుగుతుందనుకున్నారు, తీరా ఏమి జరిగింది అన్న మూడు సంగతులు అందులో వున్నాయా అని చూడాలి. తర్వాత అదే పనిని తన కంప్యూటరులో అదే వరుసలో చేసి చూడాలి. అదే తప్పు తనకూ కనిపిస్తే "న్యూ" అని ముద్ర మారుస్తారు. ఇద్దరి కంప్యూటర్లలో కనబడింది కనుక తప్పు ప్రోగ్రాముదే కావచ్చునని ప్రోగ్రామర్లకు నమ్మకం కలుగుతుంది.

వివరాలు చాలకపోతే "నీడ్‌ఇన్ఫో" అని పెట్టి, రాసినవారిని అడగాలి. ఏ వెర్షను వాడుతున్నారు, విండోసా, లినక్సా, ఏ ఫాంటు, ఏ ఫైలు? నెలల తరబడి జవాబు రాకపోతే ఆ ఫిర్యాదును మూసివేస్తారు. ఇదే తప్పు మీద అంతకు ముందే మరొకరు రాసి వుంటే "డూప్లికేట్" అని రెంటినీ కలుపుతారు. కొత్త వెర్షనులో ఆ తప్పు కనబడకపోతే ఆ మాటే చెప్పి ముగిస్తారు. ఫిర్యాదు తీవ్రమైనదా, చిన్నదా అన్నదీ రాస్తారు. రాసి పెట్టుకున్న పత్రం మాయమయ్యే తప్పు వేరు, బొత్తం రంగు మారే తప్పు వేరు.

దీనిలో ఎక్కడా ప్రోగ్రాము రాయవలసిన అవసరం లేదు. కావలసినవి ఓపిక, చదివినది చదివినట్టు అర్థం చేసుకోవడం, చూసినది చూసినట్టు రాయడం.

లైన్‌మన్ చూపే ఉపాయం

కాస్త అనుభవం వచ్చాక చేయదగిన పని ఇంకొకటి వుంది. నిన్నటి వెర్షనులో సరిగా పనిచేసినది ఈనాటి వెర్షనులో చెడిపోతుంది. మధ్యలో వెయ్యి మార్పులు జరిగి వుంటాయి. వాటిలో ఏ మార్పు చెరిచింది?

కరెంటు లైనులో ఎక్కడో లోపం వస్తే లైన్‌మన్ ప్రతి స్తంభమూ ఎక్కడు. మధ్య స్తంభం దగ్గర విడదీసి, లోపం అటువైపు వుందా ఇటువైపు వుందా అని చూస్తాడు. వున్న సగాన్ని మళ్ళీ సగం చేస్తాడు. ఇక్కడా అంతే. మొదటి సగం మార్పులతో వున్న వెర్షనును నడిపి చూస్తారు. బాగుంటే తప్పు రెండో సగంలో వున్నట్టు. ఇలా సగం చేసుకుంటూ పోతే వెయ్యి మార్పుల్లో తప్పు చేసిన ఒక్కదాన్ని పది పరీక్షల్లో పట్టుకోవచ్చు. ఈ పని కోసం లిబ్రే ఆఫీస్ వారు పాత వెర్షన్లను వరసగా పేర్చి వాలంటీర్లకు అందుబాటులో పెట్టారు. దాన్ని బైబిసెక్ట్ అంటారు. ప్రోగ్రామరుకు రోజులు పట్టే వెతుకులాటను వాలంటీరు ఒక పూటలో ముగించి చేతికి ఇవ్వవచ్చు.

ఒక్క అక్షరం తెచ్చిన తంటా

ఇక తెలుగుకు వీటితో ఏమి సంబంధం? ఈ ప్రశ్నకు 2018 ఫిబ్రవరి జవాబు చెప్పింది. ఆపిల్ కంపెనీ ఐఫోన్లలో "జ్ఞా" అనే అక్షరాన్ని ఒక ప్రత్యేక కూర్పులో పంపితే, అందుకున్న ఫోనులో మెసేజీల ప్రోగ్రాము కుప్పకూలిపోయింది. ఆ అక్షరాన్ని తెర మీద చూపించబోయి ప్రోగ్రామే ఆగిపోయేది. ఆకతాయిలు దాన్ని ఇతరులకు పంపి వినోదం చూశారు. ప్రపంచ పత్రికలన్నీ "తెలుగు అక్షరం" అని రాశాయి. ఫిబ్రవరి 19న ఆపిల్ సవరించిన వెర్షను విడుదల చేసింది.

తప్పు అక్షరానిది కాదు. తెలుగులో ఒత్తులు, గుణింతాలు ఒకదానితో ఒకటి కలిసే తీరు ఇంగ్లీషు అక్షరాల వరుసలాంటిది కాదు. ఒక హల్లు కింద మరో హల్లు చేరుతుంది, దాని మీద గుణింతం కూర్చుంటుంది. ఈ కూర్పును లెక్కగట్టే ప్రోగ్రాములు వేరే వుంటాయి. ఓపెన్ సోర్సులో అటువంటిదే హార్ఫ్‌బజ్. ఆండ్రాయిడ్, ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రే ఆఫీస్ అన్నీ దాని మీద ఆధారపడుతున్నాయి. అంటే ఒకచోట తెలుగు కూర్పును సరిచేస్తే ఆ మేలు నాలుగు చోట్ల అందుతుంది. ఒకచోట తప్పు పట్టకపోతే ఆ కీడూ నాలుగు చోట్లకు పాకుతుంది.

ఐఫోను తప్పు ఫోనును కూల్చివేసింది కనుక లోకానికి తెలిసింది. కూల్చనివాటి సంగతేమిటి? కింది ఒత్తు తర్వాతి లైనులోకి దిగి కనబడకుండా పోవడం, పీడీఎఫ్ నుంచి తీసుకున్న తెలుగు ముక్కలు ముక్కలు కావడం, ఒక్క గుణింతం చెరపబోతే అక్షరమంతా పోవడం, పేర్ల జాబితా అకారాది క్రమంలో రాకపోవడం వంటి చిక్కులు తెలుగు టైపు చేసేవారికి తెలియనివి కావు. మండల కేంద్రాల్లో డీటీపీ షాపులు నడిపే కుర్రవాళ్ళను అడిగితే చాంతాడంత జాబితా చెబుతారు. చెప్పి, "మన తెలుగు ఇంతేనండీ" అని సరిపెట్టుకుంటారు.

సరిపెట్టుకోవడమే అసలు జబ్బు. ఫిర్యాదు నమోదు కానంతవరకూ బెర్లిన్‌లో వున్న ప్రోగ్రామరు దృష్టిలో తప్పు లేనట్టే. నమోదైనా, తెలుగు రాని వాలంటీరుకు "స్త్రీ" అన్న అక్షరం సరిగా వచ్చిందా, వంకరగా వచ్చిందా అని తెలియదు. అతన్ని తప్పుపట్టలేము. తెలుగు చదవగల మరో మనిషి వచ్చి "ఇది నిజమే, నా కంప్యూటరులోనూ ఇలాగే వుంది, రావలసిన రూపం ఇది" అని రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టేదాకా ఆ ఫిర్యాదు కదలదు.

ఊరికే చేయాలా?

"జీతం ఎంతిస్తారురా అబ్బీ?" అని తాత అడుగుతాడు. "జీతం లేదు తాతా" అని మనవడు చెబుతాడు. "మరి ఎవరికోసం రాత్రిళ్ళు మేలుకుని ఈ చాకిరీ?" అంటాడు తాత. ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టివేయడం న్యాయం కాదు. కోట్లకు పడగలెత్తిన కంపెనీలు ఇవే ప్రోగ్రాముల మీద వ్యాపారం చేస్తున్నాయి. వారి పని ఇతరులు ఉచితంగా ఎందుకు చేయాలి?

తాత అనుమానంలో నిజం వుంది. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే పెద్ద లోపం బయటపడింది. ప్రపంచంలో బ్యాంకులు, దుకాణాలు, ప్రభుత్వాలు రహస్యాలు దాచుకోవడానికి వాడే ఓపెన్ ఎస్ఎస్ఎల్ అనే ప్రోగ్రాములో రెండేళ్ళుగా వున్న తప్పు అది. ఇంతమంది ఆధారపడిన ఆ ప్రోగ్రాముకు అప్పటివరకూ ఏడాదికి అందిన విరాళాలు సుమారు 2,000 డాలర్లు మాత్రమే. గండి పడ్డాకే పెద్ద కంపెనీలు మేలుకుని నిధులు పోగు చేశాయి.

2024లో జరిగిన సంగతి ఇంకా విచిత్రం. ఫైళ్ళను కుదించే ఎక్స్‌జడ్ అనే ప్రోగ్రామును ఒక్క వాలంటీరు ఏళ్ళ తరబడి మోస్తూ వచ్చారు. ఆయన అలసిపోయి వున్న సమయంలో, సాయం చేస్తానంటూ ఒక అపరిచితుడు చేరాడు. రెండేళ్ళకు పైగా బుద్ధిమంతుడిలా పనిచేసి నమ్మకం సంపాదించాడు. ఆ తర్వాత లోపల దొంగదారి పెట్టాడు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన కంప్యూటరులోకి లాగిన్ కావడానికి మామూలు కంటే అర సెకను ఎక్కువ పడుతున్నదని గమనించారు. అర సెకనే కదా అని ఊరుకోలేదు. కారణం వెతికి, మార్చి 29న ఆధారాలతో సహా లోకానికి చెప్పారు. ఆ దొంగదారి ప్రపంచంలోని సర్వర్లన్నిటికీ పాకక ముందే పట్టుబడింది.

ఈ రెండు సంగతుల్లో రెండు పాఠాలు వున్నాయి. ఒక్కరి భుజాల మీదే బరువంతా వేస్తే ఆ ఒక్కరు కుంగిపోతారు, ఆ సందులో దొంగ దూరతాడు. ఇది మొదటిది. చూసినదాన్ని నిదానంగా, ఆధారంతో రాసిన ఒక మంచి ఫిర్యాదు ఎంతటి ప్రమాదాన్నయినా ఆపగలదు. ఇది రెండవది. కనుక వాలంటీర్లు కావాలి, లాభం తినే కంపెనీలు డబ్బూ ఇవ్వాలి. ఒకటి వుంటే రెండోది అక్కరలేదనడం సరికాదు.

తెలుగు విషయంలో మరో మాట వుంది. ఎక్కువ లాభం వచ్చే భాషలనే కంపెనీలు ముందుగా పట్టించుకుంటాయి. వారికి తీరిక దొరికేదాకా ఎదురు చూడటమా, తలుపు తెరిచివున్న చోట లోపలికి వెళ్ళి పని చేసుకోవడమా అన్నదే ప్రశ్న. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. జీతం లేని మనుషులే దాన్ని పెంచారు. ఆ పని చేసినవారిని వెర్రివారని ఈనాడు ఎవరూ అనరు.

దొంగ ఫిర్యాదుల బెడద

వాలంటీర్లకు ఇటీవల కొత్త తలనొప్పి పట్టుకుంది. కృత్రిమ మేధ ప్రోగ్రాములతో రాయించిన ఫిర్యాదులు కుప్పలుగా వస్తున్నాయి. చూడటానికి పొడుగ్గా, పండితుడు రాసినట్టు వుంటాయి. పరీక్షిస్తే లోపల పస వుండదు, లేని తప్పును వున్నట్టు రాస్తాయి. కర్ల్ అనే ప్రోగ్రామును నడిపే స్వీడన్ దేశస్థుడు డేనియల్ స్టెన్‌బర్గ్ ఈ బెడద గురించి 2024 నుంచి బాహాటంగా చెబుతూ వచ్చారు. లోపం చూపినవారికి నగదు బహుమతి ఇచ్చే పథకాన్ని కర్ల్ వారు 2026 జనవరి నెలాఖరుతో ఆపివేశారు. బహుమతి ఆశతో దొంగ ఫిర్యాదులు పంపేవారు పెరగడమే దీనికి ముఖ్య కారణం.

తానుగా పరీక్షించకుండా ఎవరో చెప్పినది, ఏదో యంత్రం రాసినది పంపడం సాయం కాదు, ఇతరుల పొద్దు దోచుకోవడం. ఉద్యోగ దరఖాస్తులో చూపుకోవడానికి పదుల కొద్దీ పనికిరాని ఫిర్యాదులు పంపే విద్యార్థులకూ ఈ మాట వర్తిస్తుంది. వంద నాసిరకం ఫిర్యాదుల కంటే, స్వయంగా చేసి చూసి తేల్చిన ఒక్కటి మేలు.

జిల్లాలో చేయవలసింది

ఈ పనికి పెద్ద ఏర్పాట్లు అక్కర లేదు. ఒక కంప్యూటరు, ఓ మోస్తరు ఇంటర్నెట్టు, వారానికి రెండు గంటలు చాలు. డిగ్రీ కాలేజీల్లో, పాలిటెక్నిక్‌లలో, ఇంజనీరింగు కాలేజీల్లో కంప్యూటరు ల్యాబులు వున్నాయి. వారంలో ఒక సాయంత్రం అయిదారుగురు విద్యార్థులు అక్కడ కూర్చుని, తెలుగుకు సంబంధించిన ఫిర్యాదులను వెతికి, ఒక్కొక్కదాన్ని పరీక్షించి తేల్చవచ్చు. తెలుగు శాఖ అధ్యాపకులు పక్కన వుంటే మరీ మంచిది. ఏ రూపం ఒప్పు, ఏ రూపం తప్పు అని నిర్ణయించగలవారు వారే. తెలుగు మేష్టారికీ కంప్యూటరు ల్యాబుకూ మధ్య వున్న గోడ ఈ నెపంతోనైనా కూలుతుంది.

ఫిర్యాదులు ఇంగ్లీషులో రాయాలి కదా అని వెనుకాడేవారు వుంటారు. ఇక్కడ కావలసింది షేక్‌స్పియరు ఇంగ్లీషు కాదు. "ఇది చేశాను, ఇది రావాలి, ఇది వచ్చింది" అని మూడు చిన్న వాక్యాలు, ఒక బొమ్మ చాలు. ఇంగ్లీషు రాని డీటీపీ కుర్రవాడు చెబితే, కాలేజీ అమ్మాయి రాసి పెట్టవచ్చు. ఒకప్పుడు ఊళ్ళో చదువు వచ్చినవారు అందరికీ ఉత్తరాలు రాసి పెట్టలేదా?

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. బగ్‌జిల్లాలో పెట్టిన ఫైలును ప్రపంచంలో ఎవరైనా చూడవచ్చు. కనుక పట్టాదారు పాస్‌పుస్తకం, ఆధార్, బ్యాంకు కాగితాలు వున్న ఫైళ్ళను అందులో పెట్టకూడదు. అదే తప్పును చూపించే వేరే కాగితం తయారుచేసి పెట్టాలి. దొంగలకు పనికివచ్చే భద్రతా లోపం కనబడితే దాన్ని బహిరంగంగా రాయకుండా, అందుకోసం ఆ సంస్థలు పెట్టిన రహస్య చిరునామాకే పంపాలి. ఇతరుల ఫిర్యాదును మూసివేసేటపుడు కారణం చెప్పి, మర్యాదగా మూయాలి. ఎంత చిన్న ఫిర్యాదు అయినా దాని వెనుక చిరాకు పడిన ఒక మనిషి వున్నాడని మరచిపోరాదు.

తేల్చిన ప్రతి తప్పునూ వెంటనే దిద్దుతారన్న హామీ లేదు. కొన్ని ఏళ్ళ తరబడి అలాగే వుంటాయి. దిద్దేవారూ చాలావరకు తీరిక వేళల్లో పనిచేసేవారే. ఈ సంగతి ముందే తెలిసి దిగితే నిరాశ వుండదు. స్వేచ్ఛ అనే సంస్థ తెలుగు రాష్ట్రాల్లో ఓపెన్ సోర్స్ ప్రచారం చేస్తున్నది. దాని వంటి సంస్థల తోడ్పాటును కాలేజీలు అడిగి తీసుకోవచ్చు. జిల్లా గ్రంథాలయ సంస్థ కూడా శాఖల్లో ఒక కంప్యూటరును ఇందుకు కేటాయిస్తే వృథా పోదు.

నాట్ల ముందు కాలువ పూడిక తీసేటపుడు తలా ఒక పార వేసిన రోజులు పెద్దలకు గుర్తే. ఎవరి పొలం ఎంతని అప్పుడు లెక్క చూడలేదు, నీరు అందరికీ పారింది. తెలుగు రాత కూడా ఇప్పుడు ఫోన్లలో, కంప్యూటర్లలో పారుతున్న కాలువే. అందులో అడ్డుపడ్డ చెత్తను చూపించి, ఇక్కడ అడ్డు వుందని గుర్తు పాతే మనుషులు కావాలి. తవ్వేవారు ఆ తర్వాత వస్తారు. మొదటి గుర్తు పాతే పనికి జిల్లా యువకులు, యువతులు ముందుకు రావాలి.